తూలుతున్నారంటే తాగారనుకోకండి: మెదడు వెనుక భాగంలో వచ్చే స్ట్రోక్, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండలకు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వైపు నుంచి పేషెంట్లను తీసుకొచ్చే కుటుంబాలు ఎమర్జెన్సీ వార్డు ముందు నిలబడి అడిగే ప్రశ్నలివి. అప్పుడు జవాబులు వివరంగా చెప్పే తీరిక మాకూ ఉండదు, వినే స్థితిలో వాళ్లూ ఉండరు. అందుకే ముందే చదివి పెట్టుకోండి. ఇంట్లో బీపీ, షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే తప్పకుండా చదవండి.

పక్షవాతమంటే చేయి, కాలు పడిపోవాలి కదా? మా నాన్నకు కళ్లు తిరిగి వాంతులు మాత్రమే అయ్యాయి. ఇది స్ట్రోక్ ఎలా అవుతుంది?

మెదడుకు రక్తం రెండు దారుల్లో వెళ్తుంది. గొంతుకు రెండు పక్కల వేలు పెడితే కొట్టుకునే పెద్ద నాళాలు మెదడు ముందు భాగానికి వెళ్తాయి. అక్కడ గడ్డ అడ్డుపడితే చేయి, కాలు పడిపోతాయి, మూతి వంకర పోతుంది. మనందరికీ తెలిసిన పక్షవాతం అది. ఇవి కాక మెడ ఎముకల లోపలి నుంచి వర్టిబ్రల్ ధమనులనే రెండు నాళాలు పైకి వెళ్లి, పుర్రె లోపల కలిసిపోయి బేసిలార్ ధమని అనే ఒక్క నాళంగా మారతాయి. మెదడు కాండం, చిన్న మెదడు, చూపును అర్థం చేసుకునే వెనుక భాగం, లోపలి థాలమస్ ప్రధానంగా ఈ దారి మీదే ఆధారపడతాయి. గడ్డ వల్ల వచ్చే ప్రతి అయిదు స్ట్రోకుల్లో దాదాపు ఒకటి ఈ వెనుక దారిలో వస్తుంది.

నిలబడటం, నడవడం, మింగడం, రెండు కళ్లను కలిపి తిప్పడం, మెలకువగా ఉండటం, ఊపిరి తీసుకోవడం: ఈ పనులను నడిపించేది ఎక్కువగా ఆ భాగాలే. కాబట్టి అక్కడ రక్తం ఆగితే చేయి, కాలు బాగానే ఆడుతున్నా మనిషి నిలబడలేకపోవచ్చు.

ఏ లక్షణాలు కనిపిస్తే అనుమానించాలి?

అన్నిటికంటే ముందు చూడాల్సింది, ఇవి ఉన్నట్టుండి వచ్చాయా అన్నది. అప్పటిదాకా మామూలుగా ఉన్న మనిషికి ఒక్కసారిగా ఇల్లంతా తిరుగుతున్నట్టు అనిపించడం, ఒక పక్కకు తూలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, చూపులో ఒక పక్క మొత్తం పోవడం, మాట ముద్దగా రావడం, నీళ్లు మింగితే పొలమారడం, గొంతు బొంగురుపోవడం, ఆగని వాంతులు, మునుపెన్నడూ లేనంత తలనొప్పి లేదా మెడనొప్పి. కొందరికి ముఖంలో ఒక పక్క, ఒంట్లో దానికి ఎదురు పక్క తిమ్మిరి వస్తుంది. ఇలా అడ్డంగా మారిన తిమ్మిరి మెదడు కాండాన్ని గట్టిగా అనుమానించాల్సిన గుర్తు. ఇంకొందరు మగతలోకి జారిపోతారు, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసేస్తారు.

వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే ఇక ఆలోచించొద్దు. ఒక్కటే ఉన్నా, ఆ మనిషి ఆసరా లేకుండా కూర్చోలేకపోతున్నా, నాలుగు అడుగులు వేయలేకపోతున్నా దవాఖానకే తీసుకెళ్లాలి.

మా దగ్గర తూలుతూ, ముద్దగా మాట్లాడితే "కల్లు ఎక్కువైంది" అంటారు. తేడా ఎలా తెలుస్తుంది?

ఇంట్లో కూర్చుని ఆ తేడా కచ్చితంగా తేల్చలేరు, తేల్చాలని ప్రయత్నించకండి కూడా. తాగిన మనిషికి స్ట్రోక్ రాదని ఏమీ లేదు. సాయంత్రం కల్లు తాగి వచ్చాడు, పడుకుంటే దిగిపోతుందని తెల్లారేదాకా వదిలేస్తే మందు ఇచ్చే సమయమంతా ఆ నిద్రలోనే పోతుంది. రోజూ తాగేంతే తాగి, రోజూ లేనట్టుగా తూలుతున్నాడా? ఒకటి రెండుగా కనిపిస్తోందని అంటున్నాడా? ఒక పక్కకే పడిపోతున్నాడా? వీటిలో దేనికి అవునని అనిపించినా దవాఖానకు బయలుదేరండి.

ఎండాకాలంలో ఇదే పొరపాటు ఇంకో రూపంలో జరుగుతుంది. రామగుండం, భూపాలపల్లి గనుల వైపు, పత్తి చేలల్లో ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే వడదెబ్బ అనుకుని నీడలో పడుకోబెట్టి ఓఆర్‌ఎస్ తాగిస్తారు. ఎక్కువసార్లు అది వడదెబ్బే కావచ్చు. కానీ చల్లబడ్డాక కూడా మాట ముద్దగా ఉన్నా, కళ్లు ఒక దిక్కుకు నిలవకపోయినా, నడక సరిగా లేకపోయినా స్ట్రోక్‌ను అనుమానించాలి. షుగర్ ఉన్నవాళ్లకు ముందు గ్లూకోమీటర్‌తో చూడండి. షుగర్ బాగా పడిపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది.

చెవి సమస్య వల్ల కూడా కళ్లు తిరుగుతాయి కదా? ప్రతిసారీ పరుగెత్తాలా?

మంచి ప్రశ్న. కళ్లు తిరిగే వాళ్లలో ఎక్కువ మందికి కారణం చెవి లోపలి భాగమే. మంచంలో పక్కకు ఒత్తిగిలినప్పుడు, తల పైకెత్తినప్పుడు వచ్చి, ఒక నిమిషం లోపే తగ్గిపోయి, మిగతా సమయంలో మామూలుగా నడవగలుగుతున్నారంటే చాలావరకు అది చెవిదే. మర్నాడు డాక్టర్‌ను కలిసినా సరిపోతుంది.

కదలకుండా పడుకున్నా గంటల తరబడి తిరుగుతూనే ఉండటం వేరు. అలాంటి మనిషికి డాక్టర్ తలను చటుక్కున పక్కకు తిప్పి కళ్లు గురి తప్పుతున్నాయా అని చూస్తారు, కళ్లు ఏ దిక్కుకు కొట్టుకుంటున్నాయో చూస్తారు, ఒక కన్ను మూసి తెరిచి రెండు కళ్లు ఒకే మట్టంలో ఉన్నాయా అని చూస్తారు. అలవాటైన చేతుల్లో ఈ పరీక్ష మొదటి ఒకటి రెండు రోజుల్లో ఎంఆర్‌ఐ కంటే బాగా స్ట్రోక్‌ను పట్టుకుంటుంది. "స్కానింగ్ చేయకుండా తల పట్టుకుని తిప్పుతున్నాడేంది" అని కోపగించుకోవద్దు.

గడ్డ కరిగించే ఇంజెక్షన్ అంటే ఏమిటి? ఎలా పనిచేస్తుంది?

రక్తం గడ్డకట్టినప్పుడు దాన్ని పట్టి ఉంచేది ఫైబ్రిన్ అనే పోగుల వల. ఆ వలను కోసే ప్లాస్మిన్ అనే పదార్థం మన రక్తంలోనే నిద్రాణ రూపంలో ఉంటుంది. ఈ ఇంజెక్షన్ దాన్ని మేల్కొలుపుతుంది. వల తెగి గడ్డ కరిగితే రక్తం మళ్లీ పారుతుంది. తూము పూడుకుపోయినప్పుడు చివరి ఆయకట్టు పూర్తిగా ఎండిపోకముందే నీళ్లు వదిలితే పైరు దక్కినట్టు, రక్తం లేక మూగబోయినా ఇంకా చనిపోని మెదడు కణాలు తేరుకుంటాయి. చనిపోయిన కణాలను మాత్రం ఏ మందూ తిరిగి తేలేదు. అందుకే ఇంత తొందర.

వాడే మందులు ముఖ్యంగా రెండు. ఆల్టెప్లేజ్‌ను కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాముల లెక్కన, 90 మిల్లీగ్రాములు మించకుండా ఇస్తారు. అందులో పదో వంతు ముందు ఒక్క నిమిషంలో, మిగతాది గంటసేపు ఎక్కిస్తారు. 60 కిలోల మనిషికి మొత్తం 54 మిల్లీగ్రాములు. రెండోది టెనెక్టెప్లేజ్. దీన్ని అంతర్జాతీయంగా కిలోకు 0.25 మిల్లీగ్రాముల లెక్కన, 25 మించకుండా, ఒక్కసారే నరంలోకి ఇచ్చేస్తారు. మన దేశంలోనూ తయారవుతుంది. గంటసేపు పంపు పెట్టే పని లేదు కాబట్టి, మందు ఇచ్చి వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపాల్సి వచ్చినప్పుడు ఇది చాలా అనుకూలం. మోతాదంతా బరువు మీదే ఆధారపడుతుంది. అందుకే "బరువెంత?" అని అడుగుతారు. పేషెంట్ బరువు సుమారుగా తెలిసినా చెప్పండి.

ఎంతసేపటిలోగా ఇవ్వాలి?

లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటల లోపు. 1995లో అమెరికాలో జరిగిన పరిశోధన మూడు గంటల లోపు ఇస్తే మేలని తేల్చింది. 2008లో యూరప్‌లో జరిగిన పరిశోధన దాన్ని నాలుగున్నరకు పెంచింది. ఆ గడువు ఉంది కదా అని నెమ్మదిగా రావొద్దు. మొదటి గంటన్నరలో ఇచ్చిన మందుకు, నాలుగో గంటలో ఇచ్చిన మందుకు ఫలితంలో చాలా తేడా ఉంటుంది.

సమయాన్ని ఎక్కడి నుంచి లెక్కపెట్టాలన్నది చాలామందికి తెలియదు. మీరు చూసిన క్షణం నుంచి కాదు, ఆ మనిషి చివరిసారి బాగున్నట్టు తెలిసిన క్షణం నుంచి. రాత్రి పదింటికి బాగానే పడుకుని పొద్దున ఆరింటికి తూలుతూ లేస్తే లెక్క రాత్రి పది నుంచి మొదలవుతుంది. మధ్యలో నాలుగింటికి లేచి మామూలుగా బాత్రూమ్‌కు వెళ్లొచ్చారని ఎవరైనా చూసి ఉంటే లెక్క నాలుగు నుంచి. ఆ ఒక్క మాట మందు ఇవ్వాలా వద్దా అన్నదాన్ని మార్చేస్తుంది. కాబట్టి చూసినవాళ్లనే వెంట తీసుకురండి, కుదరకపోతే ఫోన్‌లో అందుబాటులో ఉంచండి.

నాలుగున్నర గంటలు దాటిపోతే ఇక ఏమీ చేయలేరా?

ఆ మాట ఎవరన్నా నమ్మి ఇంటికి తీసుకెళ్లకండి. వెనుక భాగపు స్ట్రోక్ విషయంలో ఇటీవల చాలా మారింది.

2025లో చైనాలో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. వెనుక భాగంలో స్ట్రోక్ వచ్చి, నాలుగున్నర గంటల నుంచి 24 గంటల మధ్యలో చేరిన 234 మందిని తీసుకున్నారు. నాళంలో నుంచి గడ్డను లాగే ప్రక్రియకు వెళ్లనివాళ్లే వీరంతా. సగం మందికి ఆల్టెప్లేజ్ ఇచ్చారు, మిగతావాళ్లకు మామూలు చికిత్స. మూడు నెలల తర్వాత తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లు మందు తీసుకున్నవారిలో 89.6 శాతం, తీసుకోనివారిలో 72.6 శాతం. మెదడులో ఇబ్బంది పెట్టే రక్తస్రావం మందు తీసుకున్నవారిలో 1.7 శాతం, మిగతావారిలో 0.9 శాతం. ఇది ఆశ కలిగించే ఫలితం. కానీ అందులో ఎక్కువమందికి వచ్చింది తేలికపాటి స్ట్రోక్, పరిశోధన ఒక్క దేశంలో జరిగింది. కాబట్టి ఆలస్యంగా వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇది వర్తిస్తుందని నేను అనను. స్కాన్‌లో ఎంత భాగం దెబ్బతిందో చూసి, ఒక్కొక్కరి విషయంలో న్యూరాలజిస్టు నిర్ణయించాల్సిన సంగతి.

బేసిలార్ ధమనే పూర్తిగా మూసుకుపోతే పరిస్థితి మరీ ప్రమాదకరం. చికిత్స అందకపోతే వాళ్లలో చాలామంది బతకరు. వారికి గజ్జ దగ్గరో, మణికట్టు దగ్గరో సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగే థ్రాంబెక్టమీ ఉంది. 2022లో వెలువడిన రెండు చైనా పరిశోధనల్లో, మూడు నెలల తర్వాత ఆసరా లేకుండా నడిచే స్థాయికి చేరినవాళ్లు థ్రాంబెక్టమీ చేసినవారిలో 46 శాతం, చేయనివారిలో దాదాపు సగమే, అంటే 23, 24 శాతం. ఒక పరిశోధన 12 గంటల లోపు వచ్చినవాళ్ల మీద, ఇంకోటి 6 నుంచి 24 గంటల మధ్య వచ్చినవాళ్ల మీద జరిగింది. నాలుగున్నర గంటల లోపు వచ్చినవాళ్లకు ఇంజెక్షన్ ముందు ఇచ్చేసి, ఆపకుండా దీనికి పంపుతారు.

ఈ ఇంజెక్షన్‌తో మెదడులో రక్తస్రావం అవుతుందని సంతకం అడుగుతున్నారు. భయంగా ఉంది.

భయం సహజమే. ఆ ప్రమాదం నిజంగానే ఉంది. 1995 నాటి పరిశోధనలో మందు ఇచ్చిన ప్రతి వంద మందిలో సుమారు ఆరుగురికి ఇబ్బంది పెట్టే రక్తస్రావం అయింది. అయినా మొత్తం మీద చూస్తే, మందు తీసుకున్నవాళ్లే ఎక్కువమంది వైకల్యం లేకుండా బయటపడ్డారు. ఇక వెనుక భాగపు స్ట్రోక్‌లో ఈ రక్తస్రావం ముందు భాగంతో పోలిస్తే దాదాపు సగమేనని తర్వాతి అనుభవం చెబుతోంది. ఈ సంగతి కుటుంబాలకు ఎవరూ చెప్పరు, చెప్పాలి.

సంతకం పెట్టడానికి ఊళ్లో ఉన్న పెద్దనాన్న రావాలి, దుబాయిలో ఉన్న కొడుకు ఫోనెత్తాలి అని ఆగే కుటుంబాలను చూస్తే బాధగా ఉంటుంది. వాళ్ల ప్రేమను నేను తప్పుపట్టను. కానీ నిర్ణయం తీసుకునే మనిషి ఎవరో దారిలోనే తేల్చుకోండి, ఆ మనిషి ఫోన్ ఎత్తేలా చూడండి.

ఎవరికి ఇవ్వకూడదు?

స్కాన్‌లో రక్తస్రావం కనిపిస్తే ఇవ్వరు. గత మూడు నెలల్లో తలకు పెద్ద దెబ్బ తగిలినా, మెదడుకు ఆపరేషన్ అయినా, ప్లేట్‌లెట్లు లక్ష లోపు ఉన్నా సాధారణంగా ఇవ్వరు. డెంగీ సీజన్‌లో ఈ చివరి దాన్ని ప్రత్యేకంగా చూస్తారు. బీపీ 185/110 దాటి ఉంటే ముందు దాన్ని మందుతో దించి, ఆ తర్వాత ఇస్తారు. గుండె కవాటం మార్చినవాళ్లు వాడే అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్రల మీద ఉంటే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో కొలిచే రక్త పరీక్ష) 1.7 దాటకూడదు. ఆ పరీక్ష చీటీ, మాత్రల డబ్బా రెండూ వెంట తెండి. వయసు ఎక్కువైందన్న ఒక్క కారణంతో ఎవరికీ ఆపరు.

సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. అంటే స్ట్రోక్ లేనట్టే కదా?

లేనట్టు కాదు. ఆ సమయంలో సీటీ తీసేది ప్రధానంగా రక్తస్రావం లేదని తేల్చుకోవడానికి. తల వెనుక భాగంలో ఎముక మందంగా ఉండటం వల్ల అక్కడి బొమ్మ సీటీలో స్పష్టంగా రాదు. ఎంఆర్‌ఐ చాలా మెరుగు, అయినా వెనుక భాగపు చిన్న స్ట్రోకులు మొదటి రోజు అందులోనూ తప్పిపోగలవు. రంగు మందు ఎక్కించి తీసే సీటీ యాంజియోగ్రామ్‌లో నాళం ఎక్కడ మూసుకుందో తెలుస్తుంది. లక్షణాలు అలాగే ఉండగా "రిపోర్టు నార్మల్" అని ఇంటికి పంపేస్తుంటే, నడిపించి చూడమని అడగండి. గట్టిగానే అడగండి.

ఇంకో చిక్కు ఉంది. స్ట్రోక్ తీవ్రతను సున్నా నుంచి 42 వరకు మార్కులతో కొలుస్తారు. ఆ మార్కుల్లో ఎక్కువ భాగం చేయి, కాలు, మాటకే. అడుగు వేయలేని చిన్న మెదడు పేషెంట్‌కు సున్నా రావచ్చు. మార్కులు తక్కువ కాబట్టి ఇంజెక్షన్ అక్కర్లేదని అనుకోకూడదు. నడవలేకపోవడం, చూపు పోవడం బతుకును దెబ్బతీసే వైకల్యాలే.

దవాఖాన చేరేలోపు ఇంట్లో ఏం చేయాలి? ఏం చేయకూడదు?

108కి ఫోన్ చేయండి, టైమ్ రాసుకోండి. వాంతులు అవుతుంటే పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ వేయొద్దు: నీళ్లు, చాయ్, మాత్రలు ఏవీ. మింగే శక్తి పోయి ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుండెపోటుకు వాడే ఆస్పిరిన్ కూడా వద్దు. లోపల గడ్డ ఉందో రక్తస్రావం ఉందో స్కాన్ తీసేదాకా తెలియదు. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టడం ప్రమాదం, బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకు అందే కాస్త రక్తం కూడా తగ్గుతుంది.

ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని చూద్దామని ఆగొద్దు. పసరు మందు కోసం వెళ్లడం, పావురం రక్తం పూయడం వద్దే వద్దు. నమ్మకాలను వెక్కిరించాలని ఇది చెప్పడం లేదు. ఆ తిరుగుడులో పోయిన గంటలను మేము ఎలాగూ తిరిగి తేలేం.

ఏ ఆసుపత్రికి వెళ్లాలి? నేరుగా హైదరాబాద్ పోవడం మంచిది కాదా?

పగలూ రాత్రీ సీటీ స్కాన్ ఉండి, ఈ ఇంజెక్షన్ ఇవ్వగల దగ్గరి ఆసుపత్రికి. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 145 కిలోమీటర్లు. ఏటూరునాగారం నుంచి వరంగల్ రావడానికే సుమారు వంద. ఏటూరునాగారంలో బయలుదేరి వరంగల్ దాటుకుంటూ నేరుగా హైదరాబాద్ వెళ్తే నాలుగున్నర గంటలు దారిలోనే అయిపోతాయి. ముందు ఇక్కడ ఇంజెక్షన్ పడాలి, థ్రాంబెక్టమీ అవసరమైతే అప్పుడు పంపుతారు. కరీంనగర్, ఆదిలాబాద్, మంచిర్యాల వైపు వాళ్లకూ ఇదే లెక్క. మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఈ ఇంజెక్షన్ రాత్రి పూట కూడా ఇస్తారో ఈ వారమే కనుక్కుని ఫోన్ నంబర్ గోడ మీద రాసి పెట్టండి. ప్రమాదం జరిగాక వెతకడం కుదరదు.

ఖర్చు ఎంత అవుతుంది?

మందు ఒక్కటే పదుల వేల రూపాయల్లో ఉంటుంది. ఆరోగ్యశ్రీ పరిమితిని రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచింది. మీరు వెళ్లిన చోట ఈ చికిత్సకు అది వర్తిస్తుందా అన్నది అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. రేషన్ కార్డు, ఆధార్ ఫొటోలు ఫోన్‌లో ముందే ఉంచుకోండి. ప్రభుత్వ దవాఖానలో చేరితే మందు స్టాకు ఉందా అని మొదటే అడగండి.

ఇంజెక్షన్ అయిపోయింది. ఇంకా ఐసీయూలోనే ఎందుకు ఉంచారు?

మొదటి రెండు గంటలు ప్రతి పావుగంటకు, తర్వాత ఆరు గంటలు ప్రతి అరగంటకు, ఆపై 24 గంటలు నిండేదాకా ప్రతి గంటకు బీపీ చూడాలి. 180/105 దాటనివ్వకూడదు. ఒక రోజు తర్వాత మళ్లీ స్కాన్ తీసి రక్తస్రావం లేదని తేలాకే ఆస్పిరిన్ మొదలుపెడతారు. బీపీకి ఎనాలాప్రిల్, రామిప్రిల్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు అరుదుగా నాలుక, పెదవులు వాస్తాయి. అలా కనిపిస్తే నర్సును వెంటనే పిలవండి.

చిన్న మెదడు స్ట్రోక్‌లో ఇంకో గండం ఉంది. రెండు మూడు రోజుల్లో ఆ భాగం వాచి మెదడు కాండాన్ని నొక్కవచ్చు, మెదడులో నీరు చేరవచ్చు. బాగా మాట్లాడుతున్న మనిషి మూడో రోజు అతిగా నిద్రపోతుంటే "అలసిపోయాడు, పడుకోనీ" అనుకోవద్దు, చెప్పండి. అవసరమైతే పుర్రె వెనుక ఎముక తీసి ఒత్తిడి తగ్గిస్తారు. సమయానికి ఆ ఆపరేషన్ జరిగినవాళ్లలో చాలామంది బాగా కోలుకుంటారు.

మా అమ్మ కళ్లు తెరిచి ఉంది కానీ కదలదు, మాట్లాడదు. ఆమెకు తెలివి ఉందా?

ఉండవచ్చు. బేసిలార్ ధమని మూసుకుని మెదడు కాండం మధ్య భాగం దెబ్బతింటే ఒళ్లంతా, నోరుతో సహా కదలిక పోతుంది. కానీ పైనున్న మెదడు బాగానే ఉంటుంది. ఆమె అన్నీ వింటూ, అన్నీ అర్థం చేసుకుంటూ ఉండొచ్చు. సాధారణంగా కళ్లు పైకీ కిందికీ తిప్పడం, రెప్ప వేయడం మాత్రం మిగులుతుంది. "నా మాట వినిపిస్తే పైకి చూడమ్మా" అని అడిగి ఆగండి. పైకి చూస్తే అవునని, కిందికి చూస్తే కాదని ఒప్పందం చేసుకుని మాట్లాడండి. మంచం పక్కన నిలబడి ఖర్చుల గురించి, ఆశ లేదని, ఊరికి తీసుకెళ్దామని మాట్లాడకండి. అలాంటివన్నీ బయటికి వచ్చి మాట్లాడుకోండి.

కుర్రవాళ్లకు కూడా ఇది వస్తుందా?

వస్తుంది. వర్టిబ్రల్ నాళం లోపలి పొర చీరుకుపోవడం యువకుల్లో ఒక ముఖ్య కారణం. బైక్ ప్రమాదంలో మెడ గట్టిగా అదిరినా, కటింగ్ షాపులో మెడను పట్టుమని విరిచినా అలా జరగవచ్చు. అరుదే, కానీ ఆ మెడ విరుపు వల్ల వచ్చే లాభమేమీ లేదు. మానేయండి. పెద్దవాళ్లలో బీపీ, షుగర్, బీడీ, చుట్ట, కొలెస్టరాల్, గుండె లయ తప్పడం ప్రధాన కారణాలు.

పది నిమిషాల్లో అంతా తగ్గిపోయింది. ఇప్పుడు కూడా వెళ్లాలా?

వెళ్లాలి, ఇవాళే. అది రాబోయే స్ట్రోక్‌కు హెచ్చరిక కావచ్చు. తర్వాతి రెండు రోజులే అన్నిటికంటే ప్రమాదకరం.

కోలుకున్నాక బండి ఎప్పుడు నడపొచ్చు? ట్రాక్టర్, పొలం పని?

ఒకటి రెండుగా కనిపిస్తున్నంత కాలం, చూపులో ఒక పక్క లేనంత కాలం బైక్, ట్రాక్టర్ ఏదీ ముట్టొద్దు. చూపులో ఒక పక్క పోయినవాళ్లకు పోయిన సంగతే తెలియకపోవచ్చు. గేదె, లారీ ఆ పక్క నుంచి వస్తే కనిపించవు. కంటి డాక్టర్ దగ్గర చూపు విస్తీర్ణం పరీక్ష చేయించుకున్నాకే నిర్ణయించాలి. తూలుడు ఉన్నవాళ్లు బావి గట్లు, ఒడ్ల మీద ఒంటరిగా నడవకూడదు, రాత్రి పూట మోటార్ వేయడానికి వెళ్లకూడదు. ఫిజియోథెరపీ మాత్రం ఆపొద్దు. చిన్న మెదడు దెబ్బతిన్నవాళ్లు మొదట గోడ పట్టుకుని, తర్వాత కర్రతో, ఆ తర్వాత ఏ ఆసరా లేకుండా నడవడం నెలల తరబడి సాధన చేస్తే వస్తుంది. మింగడం కుదుటపడిందని డాక్టర్ చెప్పేదాకా అన్నం మెత్తగా పిసికి, కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా పెట్టండి.